లెవిట్ సాబ్ జీతం

కెప్టెన్ లెవిట్‌ను నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన ఒక అట్టపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏదో వెతుక్కుంటున్నారు. అది సైనికులకిచ్చే భోజనం పొట్లాల పెట్టె. అందులో మాంసం లేనివి ఒకటో రెండో ఉంటాయి. నేనూ వాటికోసమే వెళ్లాను. యూనిట్‌లో చేరి వారం కాలేదు, ఎదురుగా ఉన్నది మా ఆఫీసర్. వెనక్కి పోదామా అనుకుంటుండగా ఆయన తలెత్తి చూశారు.

"నువ్వూ వెజిటేరియనా?"

"అవును సర్."

"అయితే ఇక మనిద్దరికీ పోటీ," అని చేతిలో ఉన్న రెండు పొట్లాల్లో ఒకటి నాకిచ్చారు.

ఆషర్ లెవిట్ యూదుడు. వాళ్ల నియమం ప్రకారం కోసిన మాంసం తప్ప ఇంకోటి ముట్టరు. అది ఆర్మీలో దొరకడం అరుదు కాబట్టి ఆర్మీలో ఉన్నన్నాళ్లూ ఆయనది శాకాహారమే. నేను హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో పెరిగాను. మా ఇంట్లోకి గుడ్డు కూడా వచ్చేది కాదు. మా అమ్మ పంపిన కరివేపాకు పొడి ఒకసారి ఆయనకు పెట్టాను. "ఇందులో రొయ్యలేమైనా ఉన్నాయా?" అని, అవీ వాళ్లకు నిషిద్ధమే కాబట్టి, ముందు అడిగి, లేవని చెప్పాక బిస్కట్ల మీద చల్లుకుని తిన్నారు. కళ్లలో నీళ్లు తిరిగినా ఆపలేదు. పై నెలలో పార్సిల్ వచ్చిందా అని ఆయనే అడిగారు.

తెలుగమ్మాయి అమెరికా ఆర్మీలో ఏం చేస్తోందని అందరూ అడుగుతారు. నేను ఎఫ్-1 వీసా మీద మాస్టర్స్ చేయడానికి డల్లాస్ వచ్చాను. చదువు పూర్తయ్యేసరికి ఉద్యోగాలు లేవు. అప్పట్లో ఆర్మీ ఒక పథకం పెట్టింది. తమకు అవసరమైన భాషలు వచ్చిన విదేశీ విద్యార్థులు చేరవచ్చు, చేరినవాళ్లకు సిటిజన్‌షిప్ ఇస్తారు. మా వీధి పిల్లలతో ఆడుకుంటూ నేర్చుకున్న ఉర్దూ నాకు అలా పనికొచ్చింది. ట్రైనింగ్ అయ్యాక జీతాలూ చెల్లింపులూ చూసే ఫైనాన్స్ యూనిట్‌లో వేసి అఫ్గానిస్తాన్ పంపారు. ఆ యూనిట్‌కి ఆఫీసర్ కెప్టెన్ లెవిట్.

అక్కడికి వెళ్లాక తెలిసింది, నా సిటిజన్‌షిప్ ఫైలు ఎక్కడో పోయిందని. వీసా గడువు అప్పటికే దాటిపోయింది. ఒంటిమీద అమెరికా యూనిఫాం ఉంది, అమెరికాలో ఉండే హక్కు మాత్రం లేదు. కెప్టెన్ లెవిట్ ఆ ఫైలు వెంట పడ్డారు. ఫోన్ దొరికినప్పుడల్లా ఎవరో ఒకరికి చేసేవారు. "అవును, మళ్లీ నేనే," అని ఆయన మొదలుపెట్టే మాట మా ఆఫీసులో అందరికీ వచ్చేసింది. చివరికి బాగ్రామ్‌లోని పెద్ద సైనిక స్థావరంలో ప్రమాణస్వీకారానికి నా పేరు వచ్చింది. మంచువల్ల హెలికాప్టర్లు ఆగిపోతే ఆయన కూడా నాతో పాటు నేలమీద పడుకుని ఎదురుచూశారు. నేను కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నప్పుడు హాలు వెనకాల నిలబడి ఉన్నారు. నావాళ్లంటూ ఆ రోజు అక్కడ ఉన్నది ఆయనొక్కరే.

ఇది జరిగిన శీతాకాలంలోనే ఆయన పరువు పోయింది.

మా క్యాంపు తూర్పు కొండల్లో ఉండేది. చుట్టూ రాతిగోడలు కట్టడానికి, దారిలో కంకర పరచడానికి ఒక కాంట్రాక్టరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలను తెచ్చాడు. పని నడిచినన్నాళ్లూ రేపిస్తా మాపిస్తా అన్నాడు. పని అయిపోగానే ఆర్మీ ఇచ్చిన సొమ్ము తీసుకుని దేశం దాటిపోయాడు. శరత్కాలం నుంచి ఒక్క పైసా అందని ఆ మనుషులు రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట మంచులో నిలబడేవాళ్లు. కేకలు వేసేవాళ్లు కాదు. మధ్యాహ్నం దాకా నిలబడి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల మేస్త్రీ గుల్ రహ్మాన్. చిన్నప్పుడు పెషావర్‌లో శరణార్థిగా పెరిగినవాడు కాబట్టి ఉర్దూ వచ్చు. రాళ్లు పగలగొట్టే పనిలో కుడిచేతి బొటనవేలు పోగొట్టుకున్నాడు.

"బాజీ, మా ఇళ్లలో పిండి అయిపోయింది," అన్నాడు నాతో. బాజీ అంటే అక్క. "మేం చేసిన పనికే అడుగుతున్నామని మీ సాబ్‌కి చెప్పు."

చెప్పాను. కెప్టెన్ లెవిట్ నా ఎదుటే కర్నల్‌కి ఫోన్ చేశారు. స్థానికంగా సామాన్లు కొనడానికి మా దగ్గర నగదు ఉండేది. దాంట్లోంచి కూలీలకివ్వడానికి అనుమతి అడిగారు. అవతలి మాటలు నాకు వినపడలేదు. ఈయన మాత్రం "అవును సర్, పని పూర్తయింది... అర్థమైంది సర్, థాంక్యూ," అని పెట్టేశారు.

"చూసుకోమన్నారు. ఆర్డర్ కాగితం తర్వాత పంపుతారట," అన్నారు నాతో.

"కాగితం వచ్చేదాకా ఆగుదామా సర్?"

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశారు. "వాళ్ల పిల్లలు ఆగాలి కదా విద్యా."

మర్నాడు గేటు దగ్గర బల్ల వేశాం. నేను స్టాంపు ప్యాడ్ పట్టుకుని వేలిముద్రలు తీసుకున్నాను. గుల్ రహ్మాన్ ఎడమచేతి వేలు పెట్టాడు. ప్రతి మనిషినీ పేరు అడిగి, తండ్రి పేరు కూడా అడిగి, ఆ రెండూ కలిపి పైకి పలికి, చేతి తొడుగులు తీసేసి రెండు చేతులతో డబ్బు ఇచ్చారు కెప్టెన్. ఆ చలిలో ఆయన వేళ్లు నీలం తిరిగాయి. తండ్రి పేరు దేనికి సర్, టైం పడుతోంది అన్నాను.

"మా ప్రార్థనా మందిరంలో, సినగాగ్‌లో, మమ్మల్ని ముందుకు పిలిచేటప్పుడు ఫలానావారి కొడుకు ఫలానా అనే పిలుస్తారు," అన్నారు. "నేను మోరిస్ కొడుకు ఆషర్‌ని. వీళ్లూ ఎవరో ఒకరి కొడుకులే."

ఆ వారంలోనే ఒక రాకెట్ వచ్చి మా ఆఫీసు మీద పడింది. భోజనాల వేళ కాబట్టి ప్రాణాలు పోలేదు కానీ ఇనప్పెట్టెలోని నగదు తప్ప లోపలున్నవన్నీ కాలి బూడిదయ్యాయి. వేలిముద్రల కాగితాలూ వాటిలోనే పోయాయి. తర్వాత లెక్కలు చూడటానికి పైనుంచి మనుషులొచ్చారు. నగదు తగ్గింది. ఎవరికిచ్చారు? కూలీలకు. ఎవరు ఇమ్మన్నారు? కర్నల్. కర్నల్‌ని అడిగితే, ఆలోచిద్దాం అన్నానే తప్ప ఇమ్మనలేదు అన్నాడు. ఆయన అబద్ధం ఆడాడో, నిజంగా అలాగే అనుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. కూలీల ఊళ్లలో అప్పటికే యుద్ధం మొదలై మనుషులు చెల్లాచెదురయ్యారు. విచారణకు వచ్చినవాళ్లు ఆ కొండల్లోకి వెళ్లే దారి లేదు. అసలు అలాంటి కూలీలు ఉన్నారనడానికి ఆధారం లేదని రాసేశారు.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఒక మేజర్ శ్రద్ధగా విని, "నీ సిటిజన్‌షిప్ కోసం తిరిగింది ఈ కెప్టెనే కదా?" అని అడిగాడు. అవునన్నాను. దాంతో నా మాటకు విలువ లేకుండా పోయింది. ఆయన నాకు చేసిన మేలే ఆయనకు అడ్డొచ్చింది.

ఒకరోజు మెస్‌లో వెనక బల్ల దగ్గర ఒక లెఫ్టినెంట్ నవ్వుతూ, "యూదుడి చేతికి డబ్బు సంచి ఇస్తే ఏమవుతుందనుకున్నారు మరి," అన్నాడు. నవ్విన వాళ్లున్నారు. కెప్టెన్ లెవిట్ నా ముందే కూర్చుని ఉన్నారు. ముఖం మారలేదు. తింటున్నది పూర్తి చేసి, ట్రే కడిగి పెట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత మెస్‌కి రావడం మానేశారు.

విచారణ నడిచినన్నాళ్లూ ఆయన జీతం ఆపేశారు. తగ్గిన నగదంతా ఆ జీతంలోంచే పట్టుకుంటామన్నారు. అది చాలలేదు, ఇంకా బాకీ ఉందన్నారు. కోర్ట్ మార్షల్‌కి నిలబడితే ఏడాది పైన పడుతుంది. అప్పుడు వాళ్లమ్మ మిషిగన్‌లో మంచం మీద ఉంది, డాక్టర్లు చేతులెత్తేశారు. ఆయన రాజీనామా మీద సంతకం పెట్టారు. గౌరవం లేని డిశ్చార్జి ఇచ్చి పంపేశారు. అది ఒకసారి పడిందంటే మాజీ సైనికులకుండే వైద్యం, పింఛను ఏదీ రాదు. ప్రతి ఉద్యోగం దగ్గరా దాని గురించి చెప్పుకోవాలి. వాళ్లమ్మ ఆ వసంతంలో పోయింది. చివరి రోజుల్లో పక్కన ఉండగలిగానని ఒకసారి ఫోన్లో చెప్పారు.

తర్వాత ఆయన డెట్రాయిట్ శివార్లలో, ట్రాయ్‌లో స్కూలు బస్సులు నడిపించే ఆఫీసులో పనికి కుదిరారు. ఏ బస్సు ఏ వీధికి వెళ్లాలో చూసే పని. నేను నా సర్వీసు పూర్తి చేసుకుని బయటికొచ్చి డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో స్థిరపడ్డాను. లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం, గుంటూరబ్బాయి వినీత్‌తో పెళ్లి, కూతురు తార. ప్రతి ఏడూ యూదుల కొత్త సంవత్సరానికి కెప్టెన్ లెవిట్‌కి నేను ఫోన్ చేసేదాన్ని. ఉగాదికి ఆయన చేసేవారు. ఉగాది ఎప్పుడొస్తుందో నెట్‌లో చూసుకునేవారట. జరిగినదాని గురించి మేం మాట్లాడుకున్నది తక్కువ. కదిపితే మాట మార్చేసేవారు.

కాబూల్ తాలిబన్ల వశమయ్యాక అఫ్గాన్ కుటుంబాలు చాలా మా వైపు వచ్చాయి. ఉర్దూ వచ్చు కాబట్టి శనివారాలు వెళ్లి పిల్లలను స్కూళ్లలో చేర్పించడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం చేస్తుండేదాన్ని. ఒక శనివారం ఒక అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన కుటుంబానికి దుప్పట్లు తీసుకెళ్లాను. తలుపు తీసినాయన నన్ను చూసి పక్కకు జరగలేదు, లోపలికి రమ్మనలేదు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. గడ్డం తెల్లబడింది. తలుపు అంచు మీద ఉన్న కుడిచేతికి బొటనవేలు లేదు.

"బాజీ," అన్నాడు. "మా వేళ్లకు సిరా పూసింది నువ్వే కదా?"

తలూపాను. గుల్ రహ్మాన్ వెంటనే అడిగిన రెండో ప్రశ్న, "లెవిట్ సాబ్ బాగున్నారా?"

లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆయన భార్య జర్మీనా మాకు కాస్త దూరంగా కూర్చుని పష్తోలో ఏదో చెప్పింది. గుల్ రహ్మాన్ అది నాకు చెప్పాడు. "ఆ డబ్బుతో పిండి కొన్నాం, మిగిలినదాంతో గాడిదను అద్దెకు తీసుకుని పిల్లలతో కొండ దాటాం అంటోంది. ఆగిపోయిన వాళ్ల ఇళ్లు తర్వాత కాలిపోయాయి. కొండ దాటాక కూడా మా ఊరివాళ్లం నమాజు తర్వాత సాబ్ కోసం దువా చేసేవాళ్లం. ఆయన యూదుడని మాకు తెలుసు. మా ముల్లాకీ తెలుసు. ఆయనే ముందు చేతులెత్తేవాడు."

అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది, ఆ జీతాలు పంచినందుకు సాబ్‌కి ఏం జరిగిందో. గుల్ రహ్మాన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మేం లేమని రాశారా?" అన్నాడు.

ఇంటికొచ్చి వినీత్‌తో చెప్పాను. విని, "మరి ఆయన్ని అడిగావా? ఆయనకి ఇష్టం లేకపోతే నువ్వు లాగకూడదు," అన్నాడు.

"అడుగుత. వద్దంటడు. అయినా ఊకోను," అన్నాను.

"అయితే ఇంక నన్నెందుకు అడగడం," అని నవ్వి, తారను తీసుకుని పార్కుకి వెళ్లాడు, నేను తీరిగ్గా ఫోన్ చేసుకోవాలని.

నేననుకున్నట్టే అయింది. గుల్ రహ్మాన్ బతికున్నాడని వినగానే కెప్టెన్ లెవిట్ గొంతు మారింది. పిల్లలెంతమంది, ఆరోగ్యం ఎలా ఉంది అని అన్నీ అడిగారు. కేసు తిరిగి తెరిపిద్దామనగానే ఆగిపోయారు.

"విద్యా, ఆ రోజు డబ్బు వాళ్ల ఇళ్లకు చేరిందని ఇప్పుడు తెలిసింది. అది చాలు నాకు. మళ్లీ ఆ బల్లల ముందు కూర్చుని నేను దొంగను కానని చెప్పుకోలేను."

"సర్, చెప్పేది మీరు కాదు ఈసారి."

"ఎవరైనా సరే. వదిలెయ్."

వారం తర్వాత గుల్ రహ్మాన్ తనే ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు. ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేస్తూ మధ్యలో నేను కూర్చున్నాను. పలకరింపులయ్యాక గుల్ రహ్మాన్ అన్నాడు, "సాబ్, మీరు మీ కోసం అడగనక్కరలేదు. మేం అనేవాళ్లమే లేమని మీ సర్కారు కాగితంలో ఉందట. నేనున్నాను. నా తమ్ముడున్నాడు. ఆ రోజు వరసలో నిలబడి తర్వాత చనిపోయినవాళ్లు కూడా ఒకప్పుడు ఉన్నారు. ఆ మాట చెప్పే అవకాశం నాకు ఇప్పించండి."

"ఆయన తమ్ముడి పేరు నూర్ జమాన్ కదా?" అన్నారు కెప్టెన్ లెవిట్ నాతో, మెల్లగా. "సరే. ఏం చేయాలో చెప్పు."

మాకు వకీలుగా దొరికింది అవని. మా ఫ్యామిలీ ఫ్రెండ్స్ రామమోహన్ గారి అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, లా స్కూల్లో ఆఖరి సంవత్సరం. మాజీ సైనికుల కేసులను ఉచితంగా చూసే విభాగం వాళ్ల కాలేజీలో ఉంది. ఒక ప్రొఫెసర్ కింద విద్యార్థులే పని చేస్తారు. మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"ఆంటీ, ఫస్ట్ నుంచి చెప్పండి. తెలుగులో చెప్తే నాకు ఓకే, కానీ నేను ఇంగ్లిష్‌లో టైప్ చేస్తా."

చెప్పాను. మధ్యలో మెస్‌లో లెఫ్టినెంట్ అన్న మాట దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"దట్ ఈజ్ సో అగ్లీ. అది కూడా పెట్టాలి ఆంటీ."

"సర్ ఒప్పుకోడేమో."

"నేను అడుగుతా ఆయన్ని," అంది. అడిగింది కూడా. ఆయన ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆ మాట తాను విన్నానని వాళ్ల నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదట.

సైనిక రికార్డుల్లో తప్పులు దిద్దే బోర్డు ఒకటి ఉంటుంది. గడువు ఎప్పుడో దాటిపోయినా, కొత్త సాక్షులు దొరికారు కాబట్టి వినండని అవని రాసింది. గుల్ రహ్మాన్ తన వాళ్ల ద్వారా వెతికితే నూర్ జమాన్ శాక్రమెంటోలో, ఇంకొకాయన హ్యూస్టన్‌లో దొరికారు. చాలా కాలం ఏ కబురూ లేదు. తర్వాత వీడియోలో విచారణ జరుపుతామని చెప్పారు.

విచారణకు ముందురోజు కెప్టెన్ లెవిట్ డల్లాస్ వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా గుల్ రహ్మాన్ ఇంటికి తీసుకెళ్లాను. జుట్టు పలచబడింది, మోకాలు నొప్పితో కాస్త కుంటుతున్నారు. గుల్ రహ్మాన్ మెట్ల కిందికే ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరికీ వచ్చిన భాష ఒక్కటీ లేదు. నేను తర్జుమా చేయబోయి, అవసరం లేదని ఆగిపోయాను.

జర్మీనా నేలమీద బట్ట పరిచి భోజనం పెట్టింది. మా ఇద్దరి సంగతీ కనుక్కుని వంకాయలు, పాలకూర, గుమ్మడికాయ, కిస్మిస్ వేసిన అన్నం మా వైపు పెట్టింది. ఆ ఇంట్లో పెద్ద కొడుకు ఇక్కడే స్కూలుకి వెళ్తున్నాడు. కెప్టెన్ లెవిట్‌ను ఇంగ్లిష్‌లో అడిగాడు, "మా నాన్నకు అప్పుడు గడ్డం నల్లగా ఉండేదా?"

"నల్లగా, ఇంకా పొడుగ్గా," అన్నారాయన. "చాలా కోపంగా చూసేవాడు."

కొడుకు పష్తోలో చెప్పగా అది విని గుల్ రహ్మాన్ ఎంతసేపు నవ్వాడో.

మర్నాడు లా స్కూల్లో ఒక గదిలో తెర ముందు కూర్చున్నాం. బోర్డు వాళ్లు ముగ్గురు. దుబాసీగా వాళ్లే ఒకామెను పెట్టారు. నా వంతు అయ్యాక గుల్ రహ్మాన్ వంతు వచ్చింది. పెళ్లికి వెళ్లేవాడిలా ఇస్త్రీ బట్టలు వేసుకొచ్చాడు. బోర్డులో పెద్దాయన, "చాలా ఏళ్లయింది. అమెరికన్ ఆఫీసర్లు ఎంతోమంది వచ్చి వెళ్లారు. ఈయనే అని ఎలా చెప్పగలరు?" అని అడిగాడు.

"మా నాన్న పేరు అడిగిన విదేశీయుడు ఈయనొక్కడే," అన్నాడు గుల్ రహ్మాన్. "ముందు మాకు కోపం వచ్చింది. ఇంతకాలం తిప్పించుకుని ఇప్పుడు తండ్రి పేరు దేనికి అని. ఈయన నన్ను చూసి, సైద్ రహ్మాన్ కొడుకు గుల్ రహ్మాన్ అని పిలిచి, రెండు చేతులతో ఇచ్చాడు. మా నాన్న పోయి అప్పటికి నెల. ఆ పేరు ఇంకొకరి నోట విని నేను గేటు బయటికి వెళ్లి ఏడ్చాను. ఆ ముఖం నేను మరిచిపోతానా?"

పెద్దాయన ఆ రెండు పేర్లూ రాసుకున్నాడు. తర్వాత కెప్టెన్ లెవిట్ వైపు తిరిగి, "రాతపూర్వకమైన ఆర్డర్ కోసం ఎందుకు ఆగలేదు?" అన్నాడు.

"ఆగి ఉండాల్సింది సర్. అది నిబంధన. వాళ్లు మంచులో నిలబడి ఉన్నారు. ఆగలేకపోయాను," అన్నారాయన. అంతకు మించి తన తరఫున ఏమీ చెప్పుకోలేదు. అవని నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తీర్పు రావడానికి వేసవి గడిచిపోయింది. నేను ఆఫీసులో ఉండగా అవని ఫోన్ చేసింది. అప్పటికే ఆమె చదువు పూర్తయి ఉద్యోగంలో చేరింది, అయినా ఈ కేసు వదల్లేదు. "ఆంటీ, కార్‌లోకి వెళ్లి కూర్చోండి, ఆఫీస్‌లో ఏడ్వొద్దు," అంది. వెళ్లి కూర్చున్నాను. డబ్బు తీసుకున్నాడన్న మాట రికార్డు నుంచి తీసేశారు. ఆ కూలీలు ఉన్నారని, పని చేశారని, జీతం ఈయన చేతుల మీదుగా అందిందని రాశారు. గౌరవప్రదమైన డిశ్చార్జి ఇచ్చారు. పట్టుకున్న జీతం తిరిగి ఇవ్వమన్నారు. అయితే అనుమతి కాగితం లేకుండా చెల్లించినందుకు మందలింపు అలాగే ఉంచారు. అందుకు ఆ తిరిగిచ్చే జీతంలో కొంత కోత కూడా వేశారు.

"అప్పీల్ చేద్దామా అని అడిగాను," అంది అవని. "ఆయన నో అన్నారు."

నేను ఫోన్ చేస్తే నాతోనూ అదే అన్నారు. "కాగితం లేకుండా ఇచ్చిన మాట నిజమే కదా విద్యా. చేసినదానికి మందలింపు ఉండనీ. చేయనిది పోయింది." ఫోన్ పెట్టేసే ముందు, "నువ్వు నా మాట వినకపోవడం మంచిదైంది," అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

డబ్బు రాగానే ఆయన మొదట, నన్ను మధ్యలో పెట్టుకుని, ఫోన్ చేసింది గుల్ రహ్మాన్‌కి. అప్పుడు పని తక్కువగా ఉందని, అద్దె కష్టంగా ఉందని ఎవరి ద్వారానో విన్నారట. గుల్ రహ్మాన్ మర్యాదగా వద్దన్నాడు. "మాకు రావాల్సింది ఆ రోజే ఇచ్చేశారు సాబ్. ఇది మీ జీతం. మీరు తినండి," అన్నాడు. నేనా మాట ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో ఆయనకు చెప్పాను. ఆ పై నెల గుల్ రహ్మాన్‌కి ఒక రాతిపని కంపెనీలో ఉద్యోగం దొరికింది. కెప్టెన్ లెవిట్‌కి ఆ కబురు చెప్పినప్పుడు తన జీతం వచ్చిన రోజుకంటే ఎక్కువ సంతోషించారు.

ఆ నవంబర్లో నేను, వినీత్, తార మిషిగన్ వెళ్లాం. ట్రాయ్‌లో వినీత్ వాళ్ల అక్క దేదీప్య ఉంటుంది, రమ్మని ఎప్పటి నుంచో పిలుస్తోంది. మాజీ సైనికుల దినం నాడు కెప్టెన్ లెవిట్ మమ్మల్ని ఓక్ పార్క్‌లో వాళ్ల నాన్న ఇంటికి తీసుకెళ్లారు. మోరిస్ లెవిట్‌కి తొంభై దాటాయి. కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు చేసి రిటైరయ్యాడు. అంతకుముందు కొరియా యుద్ధకాలంలో సిపాయి. యూదు మాజీ సైనికులు ఏటా ఆ రోజు ఒక హాల్లో కలుస్తారు. కొడుకు తిరిగొచ్చినప్పటి నుంచి తండ్రి ఒక్కడే వెళ్తున్నాడు. కొడుకు బయట కార్లో కూర్చుని, అయ్యాక ఇంటికి తీసుకొచ్చేవాడు.

ఈసారి ఇద్దరూ లోపలికి వెళ్లారు. మేం కూడా. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన జాబితాలో పేర్లు రాసుకుంటూ, "మోరిస్, ఈయన ఎవరు?" అన్నాడు.

"మా అబ్బాయి. కెప్టెన్ ఆషర్ లెవిట్. అఫ్గానిస్తాన్," అన్నాడు మోరిస్. వినపడలేదేమోనని ఇంకోసారి, హాలంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.

లోపల కాఫీ, బేగల్స్ అనే గుండ్రటి రొట్టెలు, చేపల పళ్లేలు ఉన్నాయి. కెప్టెన్ లెవిట్‌ను పలకరించడానికి ముసలివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. తార ఆయన పక్కనే కూర్చుని, "అంకుల్, వీళ్లందరూ మీ ఫ్రెండ్సా?" అని అడిగింది.

"అవబోతున్నారు," అన్నారాయన.

మోరిస్ నన్ను పక్కకు పిలిచి కుర్చీ చూపించాడు.

"నువ్వు వాణ్ని నమ్మావు," అన్నాడు. "నేనూ నమ్మాను. ఒక్కరోజు కూడా అనుమానపడలేదు. కానీ ఆ మాట వాడితో అనలేదమ్మా. అడిగితే బాధపడతాడని ఊరుకున్నాను. నేను ఊరుకున్నందుకు వాడేమనుకున్నాడో."

"తర్వాతైనా చెప్పారా?"

"చెప్పాను. కాగితం వచ్చిన రోజు. కాగితం చూసి చెప్తున్నాననుకోకు, ముందు నుంచీ ఇంతే అన్నాను." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలుసు నాన్నా అన్నాడు. నువ్వు లేకపోతే ఆ మాట చెప్పకుండానే పోయేవాణ్ని. అందుకు నీకు చాలా రుణపడ్డాను."

నా దేశం, నా ఇల్లు, అక్కడ బేగల్ తింటున్న నా కూతురు, ఇవన్నీ ఆయన కొడుకు చేసిన ఫోన్ల వల్లే నాకున్నాయని చెప్పాను. "అవును, మళ్లీ నేనే" అనే మాట గురించీ చెప్పాను. ముసలాయన అదంతా మొదటిసారి వింటున్నాడు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో మోరిస్ నిద్రపోయాడు. తార ఏదో పాట అందుకోబోతే వినీత్ వేలు పెదవుల మీద పెట్టుకుని ఆపాడు. కెప్టెన్ లెవిట్ రేడియో తగ్గించి, తండ్రి మెడకింద తన స్కార్ఫ్ మడిచి పెట్టారు. హైవే ఎక్కకుండా లోపలి వీధుల్లోంచి, ఎండుటాకుల మీదుగా, నెమ్మదిగా ఇంటికి తీసుకెళ్లారు.